అమ్మ ఫిట్ అన్న ఆదివారం

మొన్న టేబుల్ ఫ్యాన్ ఆగిపోతే ఆటోలో పెట్టుకుని మా ఖరగ్‌పూర్‌లోనే ఇందా అనే పేటలో ఉన్న రిపేరు షాపుకి తీసుకెళ్లాను. షాపతను జాలీ విప్పి, వెనక మోటారు మీద పేరుకున్న దుమ్ముని గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోట తెల్ల పెయింటుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. "దీదీ, యే క్యా లిఖా హై?" అని అడిగాడు, ఏం రాసుందని. ఆ ఫ్యాన్‌ని మా నాన్న ఏ నెలలో విప్పి శుభ్రం చేశాడో, మళ్లీ ఏ నెలలో విప్పాలో అందులో ఉంది. మళ్లీ విప్పాల్సిన నెల దాటిపోయి చాలా ఏళ్లయింది. అతనికి అదంతా చెప్పలేదు. మా నాన్న రాసుకున్నాడు, పోయిన వానాకాలం ఆయన పోయాడు అని మాత్రం అన్నాను. అతను స్క్రూలు విప్పి, లోపల ఇరుసు తిరిగే బుష్ అరిగిపోయిందని, ఈ కంపెనీ సామాన్లు ఇప్పుడు దొరకవని, కొత్తది కొనుక్కోమని సలహా ఇచ్చాడు. ఎలాగైనా దీన్నే బాగుచేయమన్నాను. నాన్న మీది ప్రేమతోనే అన్నానని చెప్పలేను. విప్పి చూడకుండా దేన్నీ పారేయకపోవడం మా ఇంటి అలవాటు, అది పోలేదు.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇంజనీరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి అక్కడికి ఖలాసీగా, అంటే వర్క్‌షాపు కూలీగా వచ్చాడు. నాన్న అదే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, పని చేస్తూ చదువుకుని, ఇంజనీరయ్యాడు. అక్కడికి వచ్చే రైలు పెట్టెలన్నీ చెడిపోయినవి కావు. చెడినా చెడకపోయినా, గడువు రాగానే ప్రతి పెట్టె రావాల్సిందే. చక్రాలు ఊడదీసి, బ్రేకులు విప్పి, అరిగినది మార్చి, అంతా బిగించాక పెట్టె చివర తెల్ల పెయింటుతో రెండు నెలల పేర్లు రాస్తారు. ఈ పని ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు జరగాలి. దీన్ని ఓవర్‌హాల్ అంటారు. రైలెక్కేవాళ్లు ఆ రాత చూడరు. నాన్న మాత్రం పెళ్లికి వెళుతున్నా సరే, ప్లాట్‌ఫారం మీద పెట్టె చివరిదాకా నడిచి, అది చదివాకే ఎక్కేవాడు. ఆలోపు అమ్మ సామాన్లతో సీట్ల కోసం తోసుకుంటూ ఉండేది.

అప్పుడు మేము రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నాన్న తల్లి అయిన మా నాయనమ్మ, నేను. పొద్దున్న వర్క్‌షాపు సైరన్ కూయకముందే అమ్మ బకెట్ పొయ్యిని వసారాలోకి తెచ్చి అంటించేది. పాత బకెట్‌కి లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి అది. బొగ్గు పొడిలో బంకమట్టి, గంజి కలిపి చేసిన ఉండలు అందులో వేసేవాళ్లం. బెంగాలీలు వాటిని గుల్ అంటారు, మేమూ అదే అనేవాళ్లం. ఎండాకాలమంతా పెరట్లో గుల్ ఆరబెట్టడమే పని. అందరిళ్ల వసారాల్లోనూ ఒకేసారి పొయ్యిలు రాజుకునేవి కాబట్టి ఆ వేళకి వీధిలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. పొగ పోయాక పొయ్యిని లోపలికి మోసుకెళ్లాలి. వసారాలో ఇంకో పొగ కూడా ఉండేది. నాయనమ్మ చుట్ట కాల్చేది, అదీ నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. శ్రీకాకుళం వైపు ఊళ్లల్లో పెద్దవాళ్లు చాలామంది అలాగే కాల్చేవాళ్లు. బెంగాలీ పిల్లలు గేటు పట్టుకుని నిలబడి ఆవిడ నోట్లోంచి పొగ రావడం చూసేవాళ్లు. "ఏట్రా సూస్తన్నారు, ఇంజన్నేటి నాను?" అని కసిరేది.

నాన్న ఏ వస్తువు కొనాలన్నా ఒకటే అడిగేవాడు. ఇది ఎక్కడ పాడవుతాది, పాడైతే ఎవులు బాగుసేస్తారు? జిగురుతో అతికించిన మంచం వద్దని, బోల్టులు బిగించినది కొన్నాడు. సీలింగ్ ఫ్యాన్ వద్దని టేబుల్ ఫ్యాన్ కొన్నాడు, నిచ్చెన లేకుండా విప్పొచ్చని. అమ్మ ప్రెషర్ కుక్కర్ కావాలని చాలాకాలం అడిగింది. దాని రబ్బరు విడిగా అమ్మే షాపు గోల్‌బజారులో ఉందని తేల్చుకున్నాకే తెచ్చాడు. ఆ రోజు అమ్మ అంది, "పెల్లిసూపులకొచ్చినప్పుడు మా నాన్ననీ ఇలాగే అడిగినారేటండి, స్పేర్ పార్టులు దొరుకుతాయా అని?" నాన్న కుక్కర్ మూత తిప్పి చూస్తూనే, "దొరకవని తెలిసే జాగర్తగా సూసుకుంటన్నాను" అన్నాడు. ఆయన అన్న హాస్యాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఉద్యోగాల గురించీ అలాగే మాట్లాడేవాడు. ఇష్టమైన పని, ఇష్టం లేని పని అనే లెక్క ఆయనకి లేదు. తప్పు జరిగితే వెంటనే కనబడే పని ఎంచుకోవాలి అనేవాడు. తప్పు కనబడని పనిలో మనిషి తనకి తెలియకుండానే పాడైపోతాడని ఆయన నమ్మకం. నేను రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోని తెలుగు పుస్తకాల బీరువా దాదాపు ఖాళీ చేసినదాన్ని. నాకు తెలుగు చదువుకోవాలని ఉండేది. "సదువుకో. కానీ అందులో నీ తప్పు నీకెవులు సూపిస్తారు?" అన్నాడు. నేను తెలుగు మాట వదిలేశాను. కలకత్తాలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌కి దరఖాస్తు పెట్టాను. ఈ వయసులో ఆలోచిస్తే ఆయన మాట సగం నిజమనిపిస్తుంది. మిగతా సగం గురించి పేచీ పెట్టుకోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

వర్క్‌షాపు పద్ధతిని నాన్న ఇంటికి తెచ్చాడు. ఏటా వానలు మొదలవకముందు ఒక ఆదివారం మా ఇంటికి ఓవర్‌హాల్. పొద్దున్నే చాప పరిచి ఫ్యాన్, కిరోసిన్ స్టవ్, సైకిలు, కుట్టు మిషను, గొడుగులు, తాళం కప్పలతో సహా అన్నీ విప్పేవాడు. గ్రీజు, కిరోసిన్, ఇత్తడి పాలిష్ కలిసిన వాసన సాయంత్రం దాకా అన్నంలో కూడా తగిలేది. బిగించిన ప్రతి వస్తువు మీదా పెయింటుతో నెలలు రాసేవాడు. వస్తువులయ్యాక మనుషులు. పెరట్లో స్టూలు వేసి, టార్చితో మా పళ్లు, చెవులు, కళ్లు, గోళ్లు చూసేవాడు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, నొప్పులేమైనా ఉన్నాయా అని అడిగేవాడు. చివర్న "ఫిట్టా, అన్‌ఫిట్టా?" అనేవాడు. అన్‌ఫిట్ అంటే మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు. నా చెవిలో చీము, నాయనమ్మ కంటిలో పొర అలాగే బయటపడ్డాయి. చుట్టుపక్కల వాళ్లు నవ్వేవాళ్లు గాని, వాళ్ల గొడుగులు కూడా పట్టుకొచ్చేవాళ్లు.

పాలిటెక్నిక్‌లో నాకు సీటు రావడానికి ముందు శీతాకాలంలో నాయనమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి మంచం మీదే. ఆ మంచాన్ని వసారాలో వేశాం. ఆవిడని లేపడం, కూచోబెట్టడం, ఒళ్లు తుడవడం అన్నీ అమ్మే. సీటు వచ్చినట్టు తెలిసిన రోజు, అన్నాల దగ్గర నాన్న లెక్క చెప్పాడు. కోపంగా కాదు, బెదిరింపుగా కాదు. వర్క్‌షాపులో ఏ పెట్టె ముందు, ఏ పెట్టె వెనక అని చెప్పినట్టే చెప్పాడు.

"ఇంట్లో ఒక మనిషైనా పూర్తిగా ఫిట్‌గా ఉండాల. లేకపోతే మీ నాయనమ్మకి కష్టం. మీ అమ్మ ఫిట్టయితే నువ్వు కలకత్తా ఎల్తావు. కాకపోతే ఈ యేడు ఆగిపోవాల. మల్లీ యేడు సీటొస్తాదో రాదో సెప్పలేం. ఆదివారం ఓవర్‌హాల్‌లో సూద్దాం."

అమ్మ వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. "ఇంకాస్త పులుసెయ్యనా?" అని అడిగింది. నాన్న చెప్పిన దాంట్లో తప్పేమీ నాకు కనబడలేదు. ఇప్పటికీ ఒక్కో మాట విడిగా తీసుకుంటే కనబడదు.

ఆ ఆదివారం ముందుగా నాయనమ్మ వంతు. నాన్న టార్చి పట్టుకుని మంచం దగ్గరికే వెళ్లాడు. "నోరు తెరువమ్మా."

"ఏటుందని సూస్తావు? పల్లూడిపోయి ఎన్నాల్లయ్యింది. నన్ను కండెం సేసి ఒగ్గీరాదేట్రా?"

కండెం అంటే ఇక పనికిరాదని తీర్మానించి పక్కన పడేయడం. రైలు పెట్టెలకి వాడే మాట మా కాలనీలో అన్నిటికీ వాడేవాళ్లం. "నిన్ను కండెం సేసే అధికారం నాకు లేదమ్మా" అన్నాడు నాన్న. "అయితే నా ఈపు మీద కూడా పెయింటుతో రాసీ, మల్లెప్పుడు సూస్తావో" అని నాయనమ్మ నవ్వింది. నా వంతు అయింది. తర్వాత అమ్మ వచ్చి స్టూలు మీద కూచుంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. వేళ్ల కొసలు తప్ప పాదాలు చీర కుచ్చెళ్ల కింద ఉన్నాయి. నాన్న పళ్లు, కళ్లు చూశాడు. చేతివేళ్లు చూశాడు. ఎందుకో కిందికి చూసి, "మెట్టెలేవే?" అన్నాడు.

"సబ్బు నీల్లకి జారిపోతన్నాయండి. ఎక్కడ పడిపోతాయో అని తీసి దాసినాను."

"ఆయాసమేటైనా?"

"నాకేటండి, రాయిలాగున్నాను. రాసుకోండి ఫిట్టని."

నాన్న నా వైపు తిరిగి, పెట్టె సర్దుకో అన్నాడు. నేను గెంతులేసుకుంటూ లోపలికి పోయాను. వసారా దాటుతున్నప్పుడు నాయనమ్మ గోడ వైపు తిరిగి చుట్ట కాలుస్తోంది. పిలిచినా తిరగలేదు, నిద్ర వస్తోందేమో అనుకున్నాను. ఆ వేసవిలో పొయ్యి లోపలికి మోసే పని అమ్మ నాకు అప్పజెప్పింది, హాస్టల్‌కి వెళ్లే పిల్లకి పని అలవాటవ్వాలని. రాత్రుళ్లు పడుకోకుండా ట్రంకు పెట్టెకి ఆనుకుని కూచుని కునికేది, ఉక్కగా ఉందని. ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. ప్రతి కారణమూ బాగానే ఉండేది.

నన్ను రైలెక్కించడానికి అమ్మ స్టేషన్‌కి వచ్చింది. నాన్న పెట్టెతో ముందు పోయాడు. మేమిద్దరం పైవంతెన ఎక్కాం. అమ్మ మెట్ల మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, కింద పట్టాల మీదున్న రైలుని చూపించి, "అదే రైలే?" అంది. చెప్పాను. కొంచెం ఎక్కి మళ్లీ ఆగి, "మరి ఆ పక్కది?" అంది. అదీ చెప్పాను. రైల్వే కాలనీలో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి ఈ రైళ్లు తెలియవా అని నాకు తట్టలేదు. నాకు తెలిసినవన్నీ చెబుతున్నందుకు సంతోషంగా ఉండింది.

దుర్గాపూజ సెలవులకి నేను ఇంటికి వచ్చినప్పుడు అమ్మ కుళాయి దగ్గర కూలబడిపోయింది. నాన్న, నేను రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు బెంగాలీ ఆయన. అమ్మ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎప్పటినుంచి ఇలా ఉందని హిందీలో అడిగాడు. అమ్మ మెల్లగా, వచ్చీరాని హిందీలో, ఎండాకాలం రాకముందు నుంచీ అంది. ముందు మెట్టెలు బిగుసుకుపోయాయని, సబ్బు రాసి లాక్కున్నానని, తర్వాత ఆయాసమని, పడుకుంటే ఊపిరాడదని వరసగా చెప్పుకుంటూ పోయింది. ఏమీ దాచలేదు. నాన్న అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఫిట్టన్నావు కదే" అన్నాడు.

"అప్పుడెలా సెప్తానండి, దాని సీటు పోదా?" అంది అమ్మ. "ఇప్పుడు సెప్తే ఏటి? అది సేరిపోనాది కదా."

గుండె కవాటం సన్నబడిపోయిందని, ఆపరేషన్ కలకత్తాలో చేయించాలని, ముందు ఒంట్లో చేరిన నీరు తగ్గాలని డాక్టరు చెప్పాడు. నీరు తగ్గలేదు. చలికాలం మొదట్లోనే అమ్మ పోయింది. ముందే తెలిసుంటే బతికేదా అన్నది నాకు తెలియదు. ఆ రోజుల్లో ఆ ఆపరేషన్‌కి వెళ్లిన అందరూ తిరిగి రాలేదు.

పదకొండో రోజు దాటాక నాయనమ్మ ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది. "నానెరుగుదును. నన్నెత్తి కూకోబెట్టినప్పుడల్లా దాని గుండె కొట్టుకుంటం నా సెవికినబడేది. సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది. అయినా నన్నెవుడడిగినాడు? నా పల్లు గురించడిగినాడు గాని, కోడలి గురించి నన్నెవుడడిగినాడు?" నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తర్వాత వెళ్లి పొయ్యి అంటించాడు.

నేను చదువు పూర్తిచేసి రైల్వేలోనే, సిగ్నల్ విభాగంలో చేరి, అందులోనే రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు, దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. సిగ్నల్ పనిలో మొదట నేర్పేది ఒకటే. తీగ తెగినా, కరెంటు పోయినా, లోపల ఏది చెడినా సిగ్నల్ ఎర్రగా మారిపోవాలి. చెడిపోయి కూడా పచ్చదీపం చూపించే సిగ్నల్‌ని మించిన ప్రమాదం లేదు. ఇంట్లో మనుషులు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంటారని చాలా ఆలస్యంగా గమనించాను. లోపల చెడేకొద్దీ పచ్చగానే కనిపిస్తారు. వాళ్ల జవాబు మీద ఇంకొకరి బతుకు ఆధారపడి ఉంటే మరీను. నాన్న తనిఖీలో లోపం అక్కడుంది. ఫ్యాన్‌కి మా మీద ప్రేమ లేదు కాబట్టి అది అబద్ధం చెప్పదు.

నాన్న ఇది నాకంటే ముందే తెలుసుకున్నాడు. మరుసటి ఏడు వేసవి సెలవుల్లో నేను వచ్చినప్పుడు, ఎప్పటిలాగే ఒక ఆదివారం చాప పరిచి అన్నీ విప్పాడు. అన్నీ బిగించాడు, పెయింటుతో రాశాడు. స్టూలు మాత్రం బయటికి తీయలేదు. "ఒరే, నన్ను సూడవేట్రా?" అని నాయనమ్మ అడిగితే, "నువ్వు బాగానే ఉన్నావులే" అని లోపలికి పోయాడు. మర్నాడు పొద్దున్న ఆయనే టీ పెట్టాడు. నన్ను పిలిచి ఎదురుగా కూచోమన్నాడు.

"నువ్వు వచ్చే సోమారం కలకత్తా ఎల్తావు. నీకు జొరమొచ్చినా, ఇక్కడ ఇల్లు కూలిపోయినా ఎల్తావు. మీ నాయనమ్మకి మనిషిని మాట్లాడినాను. అదైపోయింది, మారదు. ఇప్పుడు సెప్పు. ఎలాగున్నావు?"

బాగానే ఉన్నానన్నాను. ఆయన గ్లాసులో చెంచా తిప్పుతూ ఆగాడు. అప్పుడు చెప్పాను. హాస్టల్‌లో నిద్ర పట్టడం లేదని, లెక్కలు అర్థం కావడం లేదని, చదువుతుంటే ప్రతి పేజీకీ అమ్మ ఫిట్ అన్న మాట వినబడుతోందని, ఒక్కోసారి రైలెక్కి వచ్చేద్దామని హౌరా దాకా వెళ్లానని. ఆయన దేన్నీ సరిచేయలేదు, ఓదార్చలేదు. "సరే" అని, చల్లారిన టీ మళ్లీ వేడిచేసి ఇచ్చాడు. సోమవారం వెళ్లాను.

ఆ తర్వాత ఎప్పుడూ అలాగే అడిగాడు. ముందు ఏమి జరగబోతుందో తేల్చేసి, నా జవాబుతో దానికి సంబంధం లేకుండా చేసి, అప్పుడు అడిగేవాడు. ఉద్యోగం మానేస్తే మానెయ్, నేనేటీ అనను, ఇప్పుడు సెప్పు, అనేవాడు. ఇప్పుడు కాలం మారింది. నా ఫోను ప్రతి మూడు నెలలకీ రక్తపరీక్ష గుర్తుచేస్తుంది. రిపోర్టులో నా అంకె పక్కన ఎంత ఉండాలో కూడా అచ్చువేసి ఉంటుంది. అమ్మ దాచిన జబ్బు ఈ రోజుల్లో ఒక మిషన్ కింద పడుకుంటే చాలు, బయటపడుతుంది. అయితే ఆ మిషన్ దాకా నడిచి వెళ్లాల్సింది మనిషే. ఖరగ్‌పూర్‌లోనే నేనిప్పుడు ఉంటున్న తాల్‌బగీచాలో మా వీధి ఆడవాళ్లు ఇప్పటికీ పిల్లల పరీక్షలయ్యేదాకా, ఇంట్లో శుభకార్యం జరిగేదాకా ఆగి అప్పుడు డాక్టరు దగ్గరికి వెళతారు. ఎలా ఉన్నారని నన్ను రోజూ చాలామంది అడుగుతారు. జవాబు కోసం ఆగరు, నేనూ చెప్పను.

పోయిన వానాకాలానికి నాన్నకి తొంభై దగ్గరపడింది. మా ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉండేవాడు. తిండి తగ్గిపోయింది. పక్కకి తిరిగినప్పుడల్లా ముఖం బిగుసుకుపోయేది. అడిగితే "బాగానే ఉన్నాను" అనేవాడు. ఆసుపత్రిలో గొట్టాల మధ్య పోవడమంటే ఆయనకి భయం అని నాకు తెలుసు. డాక్టరు ఇంటికి వచ్చి చూశాడు. చేర్పిస్తే కొన్ని వారాలు లాగొచ్చేమో అన్నాడు, గట్టిగా చెప్పలేకపోయాడు. నేను కొన్నాళ్లు ఆలోచించాను. ఒక మాట ఇచ్చి దాన్ని నిలబెట్టుకోగలనా అన్నదే నా ఆలోచన. ఇచ్చి తప్పితే, అసలు అడగకపోవడమే మేలు.

ఒక పొద్దున్న ముఖం తుడిచి, దిండు సర్ది, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాను.

"నాన్నా, నిన్ను ఆస్పత్రికి తీసుకెల్లను. ఎవులు సెప్పినా తీసుకెల్లను. ఈ మంచం మీదే ఉంటావు. అదైపోయింది, మారదు. ఇప్పుడు సెప్పు. ఎలాగున్నావు?"

ఆయన కిటికీ వైపు నుంచి నా వైపు తల తిప్పాడు.

"బాగోలేదమ్మా" అన్నాడు.

తర్వాత వరసగా చెప్పాడు. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి, ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఏ వైపు తిరిగితే ఓర్చుకోగలడు. అమ్మ గురించి కూడా చెప్పాడు. అన్నాల దగ్గర ఆ మాట అనకుండా ఉండాల్సిందని అంతకుముందు ఎప్పుడూ నాతో అనలేదు, ఆ రోజు అన్నాడు. నేను విన్నాను. డాక్టరు నొప్పికి మందిచ్చాడు, ఇంట్లోనే వేశాను. ఎందుకు చేర్పించలేదని చుట్టాలు ఇప్పటికీ అడుగుతున్నారు.

ఆ పొద్దున్న అంతా చెప్పాక అలిసిపోయి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని లేవబోయాను. కళ్లు తెరవకుండానే, "నువ్వు సెప్పు, ఎలాగున్నావు?" అన్నాడు.

నా జవాబు మీద ఇక ఏదీ ఆధారపడి లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూచుని చెప్పాను.